తాండూరులో నేను చేసిన ఇంజన్ వైద్యం

తాండూరు రైల్వేస్టేషను బయట, కిరాయి కార్లు ఆగే చోట, పదిమంది ముందు ఒక మనిషిని చూసి నేను నవ్వాను. ఈ ప్రయాణంలో నేను చేసిన తప్పు అక్కడ మొదలైంది. ఆ రోజు అది తప్పని నాకు తోచలేదు. ఒక పామరుడికి సైన్సు నేర్పానని పొంగిపోయి, రెండు కప్పుల టీ తాగి, ఈల వేసుకుంటూ కారెక్కాను. తిరిగొచ్చాక ప్రయాణం గురించి రాయమని మిత్రులు అడిగితే జొన్నరొట్టెల గురించీ, బండల గురించీ రాసి తప్పించుకుందామని చూశాను. అలా రెండుసార్లు రాసి రెండుసార్లూ చించేశాను.

నాది కృష్ణా జిల్లా. హైదరాబాదులో ఒక కాలేజీలో భౌతికశాస్త్రం చెబుతాను. ఒకరు వాడి అమ్మిన చిన్న ఇంగ్లీషు కారు ఒకటి ఉంది. దాన్ని విప్పడం, బిగించడం నాకు ఆటవిడుపు. ఆదివారం పూట తోటి ఉపాధ్యాయులు తమ కార్లు తెచ్చి మా వాకిట్లో నిలిపి, "ఇది లాగడం లేదండీ, ఏం చేయమంటారు?" అని అడుగుతారు. అలా అడిగించుకోవడం నాకు ఇష్టం. నా జబ్బు అదే. అడిగినవాడికి జవాబు తెలియదని చెప్పడం నాకు చేతకాదు.

యాలాల్ దగ్గర ఒక పల్లెలో మా విద్యార్థి తండ్రి, రాంరెడ్డి అనే రైతు, పచ్చిజొన్న కంకులు కాల్చే రోజుల్లో తప్పక రమ్మని కబురుపెట్టాడు. సంక్రాంతి రద్దీ తగ్గాక బయలుదేరాను.

వికారాబాదు

మొదటి రోజు సాయంత్రానికి వికారాబాదు చేరాను. హైదరాబాదు ఎండకు అలవాటుపడ్డవాడికి ఆ గాలి ఒక బహుమానం. దగ్గరలోని గుట్ట మీద క్షయరోగుల ఆస్పత్రి ఉంది. గాలి మంచిదని అక్కడ కట్టారట. బజారులో ఎదురైన మనుషుల్లో సగం మంది ఎవరో ఒక రోగికి పాలో, పండో తీసుకుపోతున్నవాళ్లే. నయాపైసలు వచ్చిన కొత్త కాబట్టి ప్రతి అంగడి ముందూ అణాకు ఆరా, ఆరుంబావా అని ఒక చిన్న తగాదా నడుస్తోంది. నేను ఆరు పైసలకు టీ తాగాను. మా బెజవాడలో అదే ధరకు ఇంకాస్త పెద్ద గ్లాసు ఇస్తారు గాని, ఇంత చిక్కటి టీ ఇవ్వరు.

ఆ రాత్రికి సర్కారు బంగళాలో దిగాను. అక్కడి చౌకీదారు రసూల్ ముసలివాడు. వెనకటికి ఒక జాగీర్దారు దగ్గర డ్రైవరుగా చేశాడట. వంకాయలు కాలుస్తూనే నా కారును ఎగాదిగా చూశాడు.

"సారూ, మీ గాడి జర సుస్తుగుంది. పెట్రోలు టాంకుల నాలుగు డాంబరు గోళీలు ఎయ్యిన్రి. గుర్రం లెక్క ఉర్కుతది" అన్నాడు.

బట్టల పెట్టెలో వేసే తెల్లటి ఉండలివి. మా వైపు కలరా ఉండలు అంటాం.

"నీకెవరు చెప్పారు?"

"ఇంకొగలు చెప్పేదేంది? మా జాగీర్దారు సాబ్ కారుల నేనే ఏస్తుంటి."

"మరి ఆ కారు ఏమైంది?"

"కారుకేమైతది సారూ? జాగీరే పోయింది."

నవ్వు ఆపుకొని నేను పాఠం మొదలుపెట్టాను. ఆ ఉండలు పెట్రోలులో కరుగుతాయి, నిజమే. కాని మండినప్పుడు మసి ఎక్కువ, ప్లగ్గులు నల్లబడతాయి. చలి రోజుల్లో మళ్లీ గడ్డకట్టి సన్నటి రంధ్రాలకు అడ్డం పడతాయి. రసూల్ దగ్గర ఇంకో రెండు చిట్కాలున్నాయి. ఇంజన్ ఆపేముందు ఒకసారి గట్టిగా అరిపించి ఆపాలట, లోపలి కుళ్లు పోతుందట. పొద్దున్నే అరగంట నిలబెట్టి వేడి చేయాలట. మొదటిదాని వల్ల మండని పెట్రోలు సిలిండరు గోడల మీది నూనెను కడిగేస్తుందనీ, రెండోదాని వల్ల పెట్రోలు దండగ తప్ప లాభం లేదనీ చెప్పాను. ఇవన్నీ ఇప్పటికీ నిజాలే. ఒక్క మాట కూడా వెనక్కి తీసుకోను.

"మీరు చదువుకున్నోళ్లు సారూ" అని రసూల్ వంకాయ తొక్క తీయడంలో మునిగిపోయాడు. ఆ మాట నేను మెచ్చుకోలుగా తీసుకున్నాను.

తాండూరు

తాండూరులో బండ లేని చోటు లేదు. మేం నాపరాళ్లు అనేవాటిని వీళ్లు షాబాదు బండలు అంటారు. ఇంటి గోడ బండ, పైకప్పు బండ, పశువుల తొట్టి బండ. మేం ముళ్లకంప వేసేచోట వీళ్లు నిలువెత్తు బండలు పాతి దడి కడతారు. స్టేషను ఎదుటి హోటలులో జొన్నరొట్టె, పుండికూర, కందిపప్పు తిన్నాను. పుండికూర అంటే మన గోంగూరే. హోటలాయన "ఊట ఆయ్తా?" అంటూ భోజనమైందా అని కన్నడంలో పలకరించాడు, తెలుగులో వడ్డించాడు, ఉర్దూలో డబ్బులడిగాడు.

బయటికి వచ్చేసరికి కిరాయి కార్ల మధ్య ఒకాయన బానెట్ ఎత్తి ఇంజన్ మీద వంగి ఉన్నాడు. పాత అమెరికన్ కారు. పడవంత ఉంది. ఆయన తెల్లటి గుడ్డను బకెట్టులో ముంచి, పిండి, ఇంజన్ గాలి పీల్చుకునే డబ్బా, అంటే ఎయిర్ క్లీనర్, చుట్టూ జాగ్రత్తగా కడుతున్నాడు. పేరు మాణిక్యప్ప. నలభై దాటి ఉంటాయి.

"ఏమయ్యా, మీ కారుకు పంటినొప్పా?" అన్నాను.

చుట్టూ ఉన్నవాళ్లు గొల్లున నవ్వారు. వాళ్లతో కలిసి నేనూ నవ్వాను.

మాణిక్యప్ప కూడా సిగ్గుగా నవ్వాడు. "దుమ్ము సారూ. బండల గనుల కాడికి పోతే మనిషికి మనిషి కనవడడు. గందుకే గాలి డబ్బాకు తడిగుడ్డ కడ్త. పోయొచ్చినంక పిండి మళ్ల కడ్త."

"దుమ్ము ఆపడానికే కదా ఆ డబ్బా ఉన్నది. దాని మీద గుడ్డ కూడానా? ముక్కు మూసి పరుగెత్తమంటే నువ్వు పరుగెత్తగలవా?"

మళ్లీ నవ్వులు. మాణిక్యప్ప ఆలోచనలో పడ్డాడు. "మీరన్నట్టు వికారాబాదు గుట్ట కాడ జర పరేషాన్ చేస్తది సారూ. సెకండ్ గేరుల గూడ గుంజది."

ఇంకేముంది, రోగి దొరికాడు. పెట్రోలుకు ఎంత గాలి కావాలో, గాలి ఆడకపోతే ఇంజన్ ఎలా ఉక్కిరిబిక్కిరి అవుతుందో నిలబడి చెప్పాను. గుడ్డ విప్పించాను. అక్కడితో ఆగి, డబ్బాను కడిగి, దుమ్మును పట్టి ఉంచే నూనె అందులో కొత్తది పోయమని ఉంటే సరిపోయేది. నేను ఆగలేదు. అసలు డబ్బానే తీసేస్తే ఇంజన్ హాయిగా పీల్చుకుంటుందని నా చేత్తో విప్పి, సీటు కింద పెట్టించాను. కారు స్టార్టు చేస్తే గాలి నేరుగా లోపలికి పోతూ పెద్దగా హోరెత్తింది. ఆ మోత వినగానే అందరి ముఖాలూ వెలిగాయి. మోత పెరిగితే బలం పెరిగినట్టేనని జనం నమ్ముతారు. ఆ రోజు ఆ జనంలో నేనూ ఒకణ్ణి.

పక్కనే ఉన్న లారీ డ్రైవరు గౌస్, "నాది గూడ తీసెయ్యాల్నా సారూ?" అని అడిగాడు. తీసేయమన్నాను. అతను అప్పటికప్పుడే విప్పాడు.

మాణిక్యప్ప మాత్రం తడిగుడ్డ చేతిలో పట్టుకొని అలాగే నిలబడ్డాడు. "మరి దుమ్మో సారూ?"

"లోపల మంట ఉంది కదయ్యా. ఎంత దుమ్మయినా కాలిపోతుంది" అన్నాను.

ఈ మాట నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. ఏ ఇంజన్‌లోనూ చూడలేదు. అడిగాడు కాబట్టి నోటికి వచ్చింది చెప్పాను. రాయి మంటలో కాలిపోదని మా మొదటి సంవత్సరం పిల్లలకు తెలుసు.

టీ తాగుతూ ఆయన తన సంగతి చెప్పాడు. పదకొండేళ్లు గనుల్లో బండలు తీశాడు. ఊపిరితిత్తుల్లో దుమ్ము పట్టింది. ఇంకో రెండేళ్లు అక్కడే ఉంటే గుట్ట మీది ఆస్పత్రిలో మంచం ఖాయమని డాక్టరు చెప్పాడట. భార్య నాగమ్మ వద్దంటున్నా తన వాటా పొలం అమ్మి ఈ కారు కొన్నాడు. "గీ గాడి నడిస్తె నేను నడుస్త సారూ. ఇది ఆగితె మళ్ల గనిలకే" అన్నాడు. గనిలో మూతికి తడి రుమాలు కట్టుకునేవాళ్లమనీ, కారుకు గుడ్డ కట్టడం అందుకే తోచిందనీ కూడా చెప్పాడు. అంతా విన్నాను. విని కూడా డబ్బా తిరిగి బిగించమనలేదు. నా టీ డబ్బులు ఆయనే ఇచ్చాడు.

జొన్నచేలలో

రాంరెడ్డి ఊళ్లో ఐదు రోజులున్నాను. పచ్చిజొన్న కంకులు నిప్పుల మీద కాల్చి, చేతుల్లో నలిచి, ఊది, ఊచబియ్యం రాలుస్తారు. బెల్లం, కొబ్బరి, వెల్లుల్లి కారం పక్కన పెట్టుకొని చేలోనే తింటారు. మా వైపు అతిథికి నెయ్యి వడ్డించడం మర్యాద. ఇక్కడ కారం.

"తినున్రి పంతులు సారూ" అన్నాడు రాంరెడ్డి, నా కళ్లలో నీళ్లు చూసి. "మీ కృష్ణ దిక్కు అన్నం మెత్తగుంటది, మనుషులు గూడ మెత్తగుంటరు."

కోత అయిన చేలో గొర్రెల మంద దిగి ఉంది. ఎరువు కోసం గొల్లలు మందను రైతు పొలంలో పడుకోబెడతారు, రైతు వాళ్లకు జొన్నలు కొలుస్తాడు. ఆ ఏర్పాటు నాకు నచ్చి, దగ్గరగా చూద్దామని వెళ్లాను. ఒక పొట్టేలు నన్ను వెనక నుంచి పొడిచి కళ్లంలో పడేసింది. గొల్లామె ఒకావిడ నన్ను లేపుతూ, "దానికి కొత్త మనుషులంటె పడది సారూ. పాత మనుషులంటె అసలే పడది" అంది. అంత హాయిగా నేను ఈ మధ్య నవ్వలేదు. మాణిక్యప్ప ఆ ఐదు రోజుల్లో ఒక్కసారి కూడా నాకు గుర్తుకు రాలేదు.

మళ్లీ తాండూరు

ఆరో రోజు తిరుగుదారిలో స్టేషను దగ్గర ఆగాను. మాణిక్యప్ప కారు కదిలే స్థితిలో లేదనీ, ఇంటి దగ్గరే ఉందనీ అక్కడివాళ్లు చెప్పారు. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాను.

మాణిక్యప్ప అరుగు మీద కూర్చున్నాడు. నన్ను చూసి లేచాడు.

"నాలుగు దినాలు మంచిగనే ఉరికింది సారూ. గనుల సేటు కిరాయికి పిలిస్తె పొద్దటి సంది మాపటి దాక గనులన్ని తిప్పిన. నిన్న పేషెంటును గుట్ట మీది దవఖానకు తీస్కపోతుంటె ఎక్కుడు నడుమల ఆగింది. మస్తు పొగ, నీలం పొగ. ఇగ కదల్లే. నలుగురం కలిసి ఆయనను దుప్పట్ల ఏస్కొని పైకి మోసినం. గాడిని ఇంటి దాక లారీకి కట్టి గుంజుకొచ్చిన."

బానెట్ ఎత్తి, కార్బురేటరు గొంతులో వేలు పెట్టి తీశాను. వేలికి గోధుమపిండి లాంటి సన్నటి బండపొడి అంటింది. ఊళ్లోని మెకానిక్ ఉస్తాదును పిలిపించి పైభాగం విప్పించాం. అద్దంలా ఉండాల్సిన సిలిండరు గోడలు గీతలు పడి, గరుకు కాగితంతో రుద్దినట్టున్నాయి. ఉస్తాదు నా వైపు చూడకుండా, "ఐదు దినాలల్ల ఐదేండ్లు అరిగింది" అన్నాడు.

"మీరేం జేస్తరు సారూ. పాతది" అన్నాడు మాణిక్యప్ప.

గుమ్మంలో నుంచి నాగమ్మ గొంతు వినిపించింది. "పాతదే. మొన్నటి దాక నడిచిన పాతది. చదువుకున్నాయన చెప్పిండని గుడ్డ ఇప్పినవ్. రేపటి సంది గడ్డపార పట్టు."

"ఊకో. సారు ముంగట గట్ల మాట్లాడద్దు."

"ఆమెను మాట్లాడనీ" అన్నాను. "ఇది నా వల్లే పాడైంది. దుమ్ము కాలిపోతుందని నేను చెప్పింది అబద్ధం. నాకు తెలియక కాదు, తెలియదని చెప్పలేక అన్నాను."

నాగమ్మ గుమ్మం దిగి వచ్చి, "మరి ఇప్పుడేం జేస్తవ్?" అని అడిగింది.

చించోలి దారి

నాకు మొదట గుర్తొచ్చింది గౌస్ లారీ. అదీ పాడై ఉంటుందన్న భయంతో, అతను చించోలి వైపు లోడు వేసుకుపోయాడని తెలుసుకొని అటే కారు పోనిచ్చాను. దారంతా బండ్ల వెనక బండ్లు, తెల్లటి దుమ్ము. నా కారుకు మాత్రం ఎయిర్ క్లీనర్ భద్రంగానే ఉంది. హైదరాబాదులో ఎప్పుడూ దాన్ని తీయాలని నాకు తోచలేదు.

చించోలిలో ఒక టీకొట్టు ముందు గౌస్ దొరికాడు. నేను గబగబా చెప్పేశాను. నా మాట తప్పు, వెంటనే బిగించుకో, ఇంజన్ చూపించుకో అని.

గౌస్ నింపాదిగా సాసరులో టీ పోసుకున్నాడు. "అరె, ఫికర్ చెయ్యకున్రి సారూ. నేను ఊరు దాటంగనే లారీ ఆపి మళ్ల బిగిచ్చుకున్న."

"మరి అక్కడే ఎందుకు చెప్పలేదయ్యా?"

"మీరు గంత ఖుషీగ చెప్పబడ్తిరి. నలుగుర్ల మీ మనసెందుకు ఖరాబు చెయ్యాలె అని ఊకున్న."

"మాణిక్యప్పకైనా చెప్పొచ్చు కదా!"

"చెప్పిన సారూ. తెల్లారి కనవడితె చెప్పిన. 'సారు కాలేజీల చెప్తడు, నీకేం ఎరుక' అని నన్నే కోప్పడ్డడు."

తాండూరు నుంచి అంత దూరం నేను మోసుకొచ్చిన భయం అంతా అనవసరమైనదే. నా మాటలు విని తలలూపినవాళ్లలో ఎవరూ నన్ను నమ్మలేదు. నమ్మినవాడు ఒక్కడే. నష్టపోయింది ఆ ఒక్కడే.

తాండూరుకు తిరిగొచ్చి, అదే కిరాయి కార్ల దగ్గర, అదే మనుషుల ముందు, నేను చెప్పింది తప్పనీ, మాణిక్యప్ప చేసిందే సరైనదనీ గట్టిగా చెప్పాను. "గది మాకెర్కే సారూ" అన్నారు ఇద్దరు ముగ్గురు. ఆ మాట పడడానికే వెళ్లాను కాబట్టి పడ్డాను.

గుట్ట మీది ఆస్పత్రి

ఇంజన్‌ను రైల్లో హైదరాబాదు పంపించి, సిలిండర్లు తొలిపించి, కొత్త పిస్టన్లు వేయించే బాధ్యత నేను తీసుకున్నాను. మూడు వారాల పని. పక్కనుండి చూసుకోవాల్సింది ఇంజన్ ఎవరిదో ఆ మనిషే. అందుకని మాణిక్యప్పను మా ఇంటికి పంపాను. ఆయన అన్నం ముందు కూర్చుని బిక్కమొహం వేస్తున్నాడనీ, జొన్నరొట్టె చేయడం తను నేర్చుకుంటున్నాననీ, మూడోదానికి గుండ్రంగా వచ్చిందనీ మా ఆవిడ ఉత్తరం రాసింది.

నేను కాలేజీకి సెలవు పెట్టి తాండూరులోనే ఉండి ఆయన కిరాయిలన్నీ నా కారులో తోలాను. కిరాయికి తిప్పడానికి నా కారుకు కాగితాలు లేవు. ఎవరూ అడగలేదు. అదీ ఇక్కడే ఒప్పుకుంటున్నాను. పడక మాణిక్యప్ప ఇంటి అరుగు మీద. బేరాలు కుదిర్చేది నాగమ్మ. మొదటి రెండు రోజులు నన్ను "సారూ" అంది. మూడో రోజు నుంచి, "పొద్దుగాల ఆరింటికి కందుల సేటు, ఆడికెల్లి గుట్టకు పేషెంటు. మొన్నటి లెక్క లేటు చెయ్యకు" అనడం మొదలుపెట్టింది. ఆ పిలుపు మారాకే ఆ ఇంట్లో నాకు రొట్టె గొంతు దిగింది. ఇల్లు చేరాక ఆమె అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "పేషెంటును మంచిగ దింపినవా?"

మాణిక్యప్ప కారు ఇప్పుడు బాగా నడుస్తోంది. గుట్ట కూడా ఎక్కుతోంది. కాని నేను చెప్పదలచుకున్నది అది రాకముందు ఒక మధ్యాహ్నం సంగతి.

గనిలో పనిచేసే ఒకతన్ని ఆస్పత్రిలో చూపించి, తిరిగి తీసుకుపోవడానికి గేటు బయట నిలబడ్డాను. చొక్కా నిండా దుమ్ము, గడ్డం నాలుగు రోజులది. నీడన బీడీ కాల్చుకుంటున్న ఇంకో కారు డ్రైవరు నన్ను కాసేపు చూశాడు.

"కొత్తగున్నవ్ అన్నా. ఎవల కాడ జేస్తున్నవ్?"

కాలేజీ పేరు నాలుక చివరిదాకా వచ్చింది.

"తాండూరు మాణిక్యప్ప దగ్గర" అన్నాను.

"మంచిగ చూస్కుంటడా?"

"చాలా బాగా చూసుకుంటాడు."

లోపలి నుంచి దగ్గు వినిపించింది. మా పేషెంటు తన తల్లి భుజం పట్టుకొని మెల్లగా మెట్లు దిగుతున్నాడు. నేను వెళ్లి వెనక తలుపు తీసి పట్టుకున్నాను.